లెక్క అడగని అభిమానం

2025 అక్టోబరులో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి మా చిన్నవాడు ముందుగదిలో గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. వాడికి పద్నాలుగేళ్ళు. ఒడిలో పసుపురంగు జెర్సీ ఉంది. భోజనానికి పిలిస్తే లేవలేదు. చాలాసేపటికి, "అబ్బా, మన టీమ్ ఢిల్లీకి వెళ్ళిపోయిందట. పేరు కూడా మార్చేశారట. ఇక మనం ఎవరి వైపు?" అని అడిగాడు.

నేను పాతికేళ్ళుగా జూనియర్ కళాశాలలో వాణిజ్యశాస్త్రం బోధిస్తున్నవాణ్ణి. ఆస్తి అప్పుల పట్టీలో ఏ అంకెను ఏ వైపు రాయాలో వందలాది పిల్లలకు నేర్పాను. నా బిడ్డ అడిగిన "ఎవరి వైపు" అన్న ప్రశ్నకు మాత్రం ఆ రాత్రి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ ప్రశ్న నన్ను కలతపెట్టడానికి మరో కారణం కూడా ఉంది. అంతకు మూడు వారాల ముందే వాడికి ఫుట్‌బాల్ నేర్పుతున్న మాస్టారు మా ఇంటికి వచ్చి, "పిల్లవాడికి బంతి మీద మంచి అంచనా ఉంది సార్. గోల్‌కీపర్‌గా పైకి వస్తాడు. వేరే ఊళ్ళో ఉన్న వసతి అకాడమీ ఎంపికలకు పంపించండి" అని చెప్పి వెళ్ళారు. పదవ తరగతికి రాబోతున్న పిల్లవాణ్ణి బంతి వెంట పంపడమా, మానడమా అన్నది మా ఇంట్లో తెగని చర్చగా ఉంది. ఇంతలో ఈ వార్త! ఒకప్పుడు దేశంలోని పెద్ద లీగును గెలిచిన జట్టే జీతాల బకాయిలతో వార్తలకెక్కి, చివరకు ఊరు విడిచి వెళ్ళిపోయిందంటే, ఆ ఆటను నమ్ముకొని బ్రతకబోయే పిల్లల గతి ఏమిటి? అభిమానిగా నాకు కలిగిన బాధ ఒకటైతే, తండ్రిగా కలిగిన భయం మరొకటి. ఈ రెండూ కలిసి నన్ను కొన్ని నెలలుగా ఆలోచింపజేస్తున్నాయి. ఆ ఆలోచనలనే పాఠకులతో పంచుకుంటున్నాను.

దాదా చూసిన జట్టు

మా అబ్బాజాన్ నల్లగొండ జిల్లా నుండి వచ్చి 1962లో హైదరాబాద్ నగర పోలీసు శాఖలో కానిస్టేబులుగా చేరారు. ఇప్పుడాయనకు ఎనభై మూడేళ్ళు. ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాదే, సెప్టెంబరు 4న, జకార్తా ఆసియా క్రీడల తుది పోటీలో భారత జట్టు దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణపతకం గెలిచింది. ఆ వార్త రేడియోలో విన్న రాత్రి పోలీస్ లైన్స్‌లో పండుగ వాతావరణం నెలకొన్నదని ఆయన ఇప్పటికీ చెబుతుంటారు. ఆ జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం తమ శాఖ జట్టును తీర్చిదిద్దినవారే కావడం ఆ సంబరానికి కారణం.

రహీం సాహెబు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. 1943 నుండి మరణించేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. 1950లో నగర పోలీసు జట్టు శిక్షణ బాధ్యత చేపట్టారు. ఆ ఏడాది మొదలుకొని 1954 వరకు వరుసగా ఐదుసార్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచింది. డ్యూరాండ్ కప్పునూ ఇంటికి తెచ్చింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా ఖండం నుండి ఆ మెట్టు ఎక్కిన మొదటి ఫుట్‌బాల్ జట్టు అదే. జకార్తాకు వెళ్ళేనాటికే ఆయనను క్యాన్సర్ పట్టి పీడిస్తున్నది. మరుసటి ఏడాది, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు.

ఆయన ఈ విజయాలను ఏ పెట్టుబడితో సాధించారు? ఉపాధ్యాయుడికి ఉండే పెట్టుబడి ఓర్పు, పాఠ్యప్రణాళిక. పిల్లలు ఒక కాలికే అలవాటు పడకుండా బలహీనమైన కాలితో మాత్రమే బంతి తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టేవారు. బంతిని తనవద్దే ఉంచుకొని విన్యాసాలు చేసే అలవాటు పోవడానికి, డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు జరిపేవారు. వీటికి కోట్ల రూపాయలు అక్కర లేదు. మైదానం, బంతి, ప్రతిరోజూ వేళకు వచ్చే ఒక మాస్టారు ఉంటే చాలు. జట్టు నిర్వహణ అన్న మాట నేడు ఎవరైనా పెద్ద గొంతుతో పలికినప్పుడు నాకు ఈ చిన్న పోటీలే గుర్తుకు వస్తాయి.

అలాగని ఆ కాలాన్ని బంగారు యుగంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. శాఖ జట్లు ఆటగాళ్ళకు ఉద్యోగం ఇచ్చేవి గాని, ఐశ్వర్యం ఇవ్వలేదు. అందుకే ప్రతిభావంతులు ఒక్కొక్కరుగా కలకత్తా దారి పట్టారు. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. సయ్యద్ నయీముద్దీన్ వెళ్ళారు. 'బడే మియా' అని కలకత్తా వాసులు ప్రేమగా పిలుచుకున్న ముహమ్మద్ హబీబ్ వెళ్ళారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ మన హైదరాబాదీయే. 1956, 1957 సంవత్సరాల్లో హైదరాబాద్, 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలిచిన తరువాత మన ప్రాంతపు ఫుట్‌బాల్ క్రమంగా వెనుకబడటానికి ఈ వలస కూడా ఒక కారణం.

"మరి అప్పుడు తల్లిదండ్రులు పిల్లలను ఆటకు ఎందుకు పంపారు, అబ్బాజాన్?" అని ఒకరోజు అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "కాలు విరిగినా యూనిఫాం మిగిలేది బేటా. ఒకటో తారీఖున జీతం వచ్చేది. అంతకంటే ధీమా ఏం కావాలి?" అన్నారు. ఆర్థికశాస్త్ర గ్రంథాలు పేజీలకొద్దీ వివరించే విషయాన్ని ఆయన రెండు వాక్యాలలో చెప్పేశారు.

మా ఇంటికి వచ్చిన జట్టు

2019లో హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడి ఇండియన్ సూపర్ లీగులోకి అడుగుపెట్టినప్పుడు మా ఇంట్లో మూడు తరాలూ సంతోషించాయి. ఆ ఏడాది నవంబరు 2న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో జరిగిన మొదటి సొంతగడ్డ మ్యాచ్‌కు అబ్బాజాన్‌ను, ఎనిమిదేళ్ళ మా చిన్నవాణ్ణి తీసుకువెళ్ళాను. కేరళ బ్లాస్టర్స్‌పై మన జట్టు 2-1తో గెలిచింది. స్టేడియంలో అతిథి జట్టు అభిమానుల కేకలే ఎక్కువగా వినిపించాయి. అయినా మావాడు గొంతు పోయేలా అరిచాడు. తిరుగు ప్రయాణంలో దాదా భుజంపై తలవాల్చి నిద్రపోయాడు. ఆ పసుపు జెర్సీ ఆనాటి నుండి మా ఇంట్లో ఉంది. వాడు పెరిగేకొద్దీ కొత్తది కొంటూ వచ్చాం.

ఆ సంతోషంలో ఒక విషయాన్ని నేను పట్టించుకోలేదు. మన జట్టు లీగులోకి వచ్చింది పుణె జట్టు మూతపడిన ఖాళీలోకి. అదే ఏడాది ఢిల్లీ జట్టు భువనేశ్వర్‌కు తరలిపోయి పేరు మార్చుకున్నది. అంటే మావాడు గచ్చిబౌలిలో కేరింతలు కొడుతున్న వేళ పుణెలోనూ ఢిల్లీలోనూ ఎవరో పిల్లలు తమ జెర్సీలను ఒడిలో పెట్టుకొని తండ్రులను ఇదే ప్రశ్న అడిగి ఉంటారు. వారి గురించి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆరేళ్ళ తరువాత మన జట్టు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారినప్పుడు గాని నాకు అది తట్టలేదు. జట్టు ఊరిది కాక, కాగితం చేతిలో ఉన్నవారిది అయినప్పుడు ఒక ఊరి పండుగ మరో ఊరి దుఃఖం మీద నిలబడుతుంది. పూర్వం మన ఊరి ఆటగాళ్ళు ఒక్కొక్కరుగా వెళ్ళిపోయారు. ఇప్పుడు జట్టే వెళ్ళిపోయింది. తేడా అంతే.

మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు రెండే గెలిచి పట్టిక అడుగున నిలిచిన జట్టును 2020లో స్పెయిన్ దేశస్థుడైన మనోలో మార్కెజ్ చేతిలో పెట్టారు. యాజమాన్యం చేసిన మంచి పనుల్లో అది మొదటిది. మూడు సీజన్లపాటు ఆయనను మార్చకుండా ఉంచడం రెండవది. ఓటమి ఎదురైన ప్రతిసారీ శిక్షకుణ్ణి మార్చే అలవాటున్న మన దేశంలో ఈ ఓర్పు అరుదు. ఆయన యువ భారతీయ ఆటగాళ్ళపై నమ్మకం ఉంచారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో పెనాల్టీ షూటౌట్‌లో కేరళను ఓడించి హైదరాబాద్ విజేత అయింది. గోల్‌కీపర్ కట్టిమని ఆ రాత్రి పెనాల్టీలను ఆపిన తీరు చూసే మా చిన్నవాడు గోల్‌కీపర్ కావాలని నిర్ణయించుకున్నాడు.

నిర్వహణలో లోపం ఎక్కడ ఉన్నదని నన్ను అడిగితే, పునాదిలో అంటాను. ఛాంపియన్ జట్టు బరిలో దిగినప్పుడు పదకొండుమందిలో హైదరాబాద్ కుర్రవాడు కనిపించడం అరుదు. బార్కస్ వీధుల్లో, సికింద్రాబాద్ మైదానాల్లో తరతరాలుగా బంతి ఆడుతున్న కుటుంబాలకూ ఆ జట్టుకూ మధ్య వంతెన పడలేదు. పాతబస్తీ నుండి గచ్చిబౌలి చాలా దూరం. మ్యాచ్ రాత్రి ఏడున్నరకు మొదలై ముగిసేసరికి బస్సులు కరువయ్యేవి. ఆడవాళ్ళతో, పిల్లలతో వెళ్ళాలంటే ఆటో కిరాయి టికెట్టు ధరను మించిపోయేది. పైగా అది అథ్లెటిక్ స్టేడియం. ప్రేక్షకులకూ ఆటకూ నడుమ పరుగుబాట అడ్డు. ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపించవచ్చు. అయితే జట్టు కష్టంలో పడిన రోజున దాని కోసం నిలబడేవారు అలా దగ్గరైన కుటుంబాల నుండే రావాలి కదా!

జీతం అందని చెమట

2022-23లో కూడా పట్టికలో రెండవ స్థానం సాధించిన జట్టు ఆ మరుసటి సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో అడుగున నిలిచింది. ఆటగాళ్ళు ఒక్క ఏడాదిలో ఆట మరచిపోలేదు. జీతాల బకాయిలు పేరుకుపోయాయి. ఫిర్యాదులు అంతర్జాతీయ సమాఖ్య ఫీఫా వరకు వెళ్ళాయి. కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా క్లబ్బుపై నిషేధం పడింది. శిక్షకుడు అంతకుముందే వెళ్ళిపోయారు. విదేశీ ఆటగాళ్ళలో దాదాపు అందరూ వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రవాళ్ళు వారంవారం ఓడిపోతూ కూడా జెర్సీ వేసుకొని మైదానంలోకి వచ్చారు. ఆ సీజన్‌లో నేను చూసిన ధైర్యం విజేతగా నిలిచిన రాత్రి కూడా చూడలేదు.

కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న బోధ మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇల్లు కట్టే మేస్త్రీకి, ఇంట్లో పనిచేసే అమ్మాయికి వర్తించే ఈ నియమం ఫుట్‌బాల్ ఆటగాడికి ఎందుకు వర్తించదు? అతడు లక్షలు సంపాదిస్తాడన్న అపోహ ఒక కారణం కావచ్చు. పేరున్న కొందరు లక్షలు సంపాదించవచ్చు. రిజర్వు జట్టులో ఆడే పందొమ్మిదేళ్ళ కుర్రవాడు, బట్టలు ఉతికేవాడు, మైదానం తడిపేవాడు, బస్సు నడిపేవాడు నెలజీతం మీదే బ్రతుకుతారు. వృత్తి ఆటగాడి కాళ్ళు ముప్పై అయిదేళ్ళ వరకు పనిచేస్తే గొప్ప. ఒక ఏడాది జీతం పోవడమంటే అతడి సంపాదన కాలంలో పదోవంతు పోవడమే.

ఈ వ్యాధి ఒక్క హైదరాబాద్‌ది కాదు. 1934 నుండి 1938 వరకు వరుసగా ఐదేళ్ళు కలకత్తా లీగును గెలిచి చరిత్ర సృష్టించిన మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ పేరు మన పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. ఆ క్లబ్ 2024లో సూపర్ లీగులో ప్రవేశించి, తొలి ఏడాదే జీతాల చిక్కుల్లో పడింది. లీగు పునాది కూడా గట్టిది కాదని తరువాత తేలింది. జాతీయ సమాఖ్యకూ దాని వాణిజ్య భాగస్వామికీ మధ్య 2010లో కుదిరిన పదిహేనేళ్ళ ఒప్పందం విలువ 700 కోట్ల రూపాయలు. ఆ గడువు 2025 డిసెంబరులో ముగియనుండగా, తరువాత ఏమిటో తేలక జూలైలోనే లీగును నిలిపి ఉంచారు. పదిహేనేళ్ళ గడువు ఎప్పుడు ముగుస్తుందో సంతకం చేసిన రోజునే అందరికీ తెలుసు. మా కళాశాలలో ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థి కూడా అద్దె ఒప్పందం ముగియడానికి ఆరు నెలల ముందే ఇల్లు వెతుక్కోవాలని చెబుతాడు.

ఇక డబ్బు ఎక్కడి నుండి వస్తున్నదన్నది మరో ప్రశ్న. కొన్నేళ్ళపాటు క్రీడా ప్రసారాల్లో పందెం కంపెనీల ప్రకటనలు వెల్లువెత్తాయి. అవి పందెం కంపెనీలుగా కాక వార్తల సైట్లుగా, స్కోరు చెప్పే యాప్‌లుగా పేరు మార్చుకొని వచ్చేవి. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. అయినా ఆ ప్రకటనలు మన ఇళ్ళలోని తెరలపై ఆగలేదు. నా విద్యార్థి ఒకడు పరీక్ష ఫీజు డబ్బును అలాంటి యాప్‌లో పోగొట్టుకొని, ఇంట్లో చెప్పలేక నా దగ్గరకు వచ్చి ఏడ్చాడు. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసినప్పుడు, క్రీడలకు ఆదాయం పోతుందని కొందరు వాపోయారు. పిల్లల ఫీజు డబ్బుతో నడిచే జట్టు మూతపడటమే మేలని నా అభిప్రాయం. జూదం హరాం అని మనం బోధిస్తూనే, దాని పేరు ముద్రించిన చొక్కాను పండుగకు పిల్లవాడికి కొనిపెట్టడం ఎంతవరకు సబబు?

లెక్కల మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. మా మొహల్లా మస్జిద్ గోడపై ఒక చెక్కబోర్డు ఉంది. ప్రతి నెలా వచ్చిన చందా ఎంత, కరెంటు బిల్లు ఎంత, ఇమామ్ సాహెబు జీతం ఎంత, మిగిలినది ఎంత అని దానిపై సుద్దతో రాస్తారు. పది రూపాయలు ఇచ్చినవాడు కూడా ఆ బోర్డు ముందు నిలబడి చదవవచ్చు, ప్రశ్నించవచ్చు. అయిదేళ్ళపాటు టికెట్లు కొని, జెర్సీలు కొని, గొంతు అరిగేలా అరిచిన మేము మాత్రం మా జట్టు లెక్కను ఒక్కసారి కూడా చూడలేదు. నష్టం వస్తున్నదని ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. హైదరాబాద్ ఎఫ్.సి. ఒకప్పుడు జర్మనీలోని డోర్ట్‌మండ్ క్లబ్బుతో ఒప్పందం చేసుకున్నది. శిక్షణ మెళకువలు నేర్చుకోవడానికట. ఆ దేశంలో సాధారణంగా క్లబ్బు ఓటు హక్కుల్లో సగానికి మించినవి సభ్యులైన అభిమానుల సంఘం చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. ఆ ఒక్క మెళకువ మనకు అంది ఉంటే ఎంత బాగుండేది!

పత్రికల్లో రెండు పంక్తులు

హైదరాబాద్ విజేత అయిన మరునాడు, 2022 మార్చి 21న, ఫజ్ర్ నమాజు తరువాత మా చిన్నవాడు పత్రిక కోసం గుమ్మంలో కూర్చున్నాడు. మా ఇంటికి వచ్చే తెలుగు దినపత్రికలో ఆ వార్త ఉన్నది గాని, క్రికెట్ వార్తల పక్కన ఒదిగి ఉంది. ఐపీఎల్ మొదలు కావడానికి ఇంకా అయిదు రోజులు ఉండగానే పేజీ నిండా దాని ముచ్చట్లే. వాడు కత్తెరతో ఆ చిన్న ముక్కను కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించుకున్నాడు.

అది కూడా గెలుపు వార్త గనుక దొరికింది. జీతాలు అందని ఏడాది గురించి తెలుగులో వివరంగా చదివిన జ్ఞాపకం నాకు లేదు. ఇంగ్లీషు కథనాలు వెతుక్కొని చదివి, వాటి సారాన్ని అబ్బాజాన్‌కు చెబుతుండేవాణ్ణి. ఆటను గురించి రాయడమంటే స్కోరు రాయడమేనన్న భావన మన క్రీడా పుటల్లో పాతుకుపోయింది. ఎవరు పెట్టుబడి పెట్టారు, ఎవరికి బాకీ పడ్డారు, శిక్షణకు మైదానం ఎవరిచ్చారు అన్న ప్రశ్నలు వేసే విలేకరి ఒక్కరు ఉన్నా, ఊరికి ముందుగా హెచ్చరిక అందేది. 2023 ఆగస్టు 15న బడే మియా హబీబ్ మన నగరంలోనే కన్నుమూసినప్పుడు కలకత్తా విలపించింది. మా ఇంటి పత్రికలో ఆ వార్తకు దక్కిన చోటు నా అరచేతి కంటే చిన్నది.

రహీం సాహెబు పేరు నా తరగతిలో అడిగితే ఒకప్పుడు నలభైమందిలో ఒక్క చేయి కూడా లేచేది కాదు. 2024లో అజయ్ దేవగణ్ నటించిన 'మైదాన్' చిత్రం వచ్చాక నాలుగైదు చేతులు లేచాయి. సినిమా వచ్చినందుకు సంతోషమే. అయితే మన ఊరి ఉపాధ్యాయుణ్ణి మనకు పరిచయం చేయడానికి బొంబాయి సినిమా రావలసి వచ్చిందన్న సంగతి మాత్రం మింగుడుపడలేదు.

పత్రికలను నిందించి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. పాఠకుడు అడిగినదే పత్రిక అచ్చు వేస్తుంది. నేను ఆ పత్రిక సంపాదకునికి ఎన్ని ఉత్తరాలు రాశాను? ఒక్కటీ లేదు.

మన వంతు

ఈ సంగతులన్నీ ఒకచోట రాసుకొని చూస్తే, అప్పుల వైపు నా పేరు కూడా కనిపించింది. జట్టు గెలిచిన ఏడాది పాసుల కోసం తెలిసినవారిని అడిగాను. ఓడిన ఏడాది టీవీలో కూడా చూడటం మానేశాను. బకాయిల సంగతి తెలిసినప్పుడు "అయ్యో" అనుకొని ఊరుకున్నాను. అభిమానమంటే ప్రేమించడమే అనుకున్నాను. ప్రేమించినదాని లెక్క అడగడం కూడా అభిమానంలో భాగమేనని నాకు తట్టలేదు. ఇంట్లో పెద్దకొడుకు వ్యాపారం పెడితే లాభనష్టాలు అడగమా? అడగడం అనుమానం కాదు, బాధ్యత.

ఆట మన ఊరిని పూర్తిగా విడిచి వెళ్ళలేదు. అజీజ్‌నగర్ వద్ద సొంత మైదానం కట్టుకున్న శ్రీనిధి డెక్కన్ జట్టు ఐ-లీగులో 2022-23, 2023-24 సీజన్లలో రెండవ స్థానంలో నిలిచింది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుది పోటీ గచ్చిబౌలిలోనే జరిగింది. నిజామాబాద్ బిడ్డ సౌమ్య గుగులోత్ భారత మహిళల జట్టులో ఆడుతున్నది. బార్కస్‌లో ఇప్పటికీ తెల్లవారక ముందే బంతి చప్పుడు వినిపిస్తుంది. నిలబెట్టుకోవలసినవి ఇవే. స్థానిక లీగు మ్యాచ్ జరిగే సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళి ఒక గంట కూర్చుందాం. టికెట్టు ఉంటే కొని చూద్దాం. బస్తీలోని ఖాళీ స్థలం పార్కింగుకు పోతున్నప్పుడు కార్పొరేటర్ దగ్గరకు నలుగురం కలిసి వెళదాం. పత్రికకు ఉత్తరం రాద్దాం. పిల్లవాణ్ణి ఏ అకాడమీలోనైనా చేర్చే ముందు చదువు మాటేమిటి, గాయమైతే వైద్యం ఎవరిది, ఒప్పందం కాగితంపై ఉన్నదా అని అడుగుదాం. సమాధానం చెప్పడానికి చిరాకు పడేవారి చేతిలో బిడ్డను పెట్టవద్దు.

మా ఇంటి చర్చ కూడా ఒక కొలిక్కి వచ్చింది. మొదట్లో నేను వద్దన్నాను. మా ఇంటావిడ మాత్రం, "వాడి చేతులను చూసి మాస్టారు వచ్చారు. మీ భయాన్ని చూసి వాడి చేతులు కట్టేస్తారా?" అని నిలదీసింది. అబ్బాజాన్ ఆమె పక్షమే వహించారు. కాని ఆయన ఒక షరతు పెట్టారు. "యూనిఫాం లేని రోజులివి. అందుకని చదువే వీడి యూనిఫాం. ఇంటర్ పూర్తి కావాలి. ఆ తరువాత దునియా ఎటు తీసుకెళ్తే అటు." మావాడు దాదా చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్నాడు. ఎంపికలకు వెళతాడు. ఎంపికైతే, ఆ అకాడమీవారిని అడగవలసిన ప్రశ్నలను నేను ఇప్పటికే ఒక కాగితంపై రాసి పెట్టుకున్నాను. మొత్తం పదకొండు వచ్చాయి.

ఎవరి వైపు అన్న వాడి ప్రశ్నకు ఇంకా నా దగ్గర నిండైన జవాబు లేదు. ఢిల్లీ జట్టును ద్వేషించమని మాత్రం చెప్పలేదు. 2019లో తమ జట్టును పోగొట్టుకున్న పిల్లలు అక్కడ ఉన్నారు. వారి సంతోషం మనకు శత్రువు కాదు. పసుపు జెర్సీని వాడు పారేయలేదు. సాధన చేసేటప్పుడు అదే వేసుకుంటున్నాడు. భుజాల దగ్గర బిగుతవుతోంది. కొత్తది కొనిపెట్టనా అని అడిగితే, "ఏ టీమ్‌ది అబ్బా?" అన్నాడు. కాసేపాగి, "ఏ పేరూ లేనిది కొందాం" అన్నాను.

మన పిల్లల కాళ్ళకు, చేతులకు అల్లాహ్ బలం ప్రసాదించుగాక. వారి చెమటకు తగిన వేతనం వేళకు అందేలా లెక్క అడిగే ధైర్యాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.